పదకొండు గంటలకు పుట్టేవి

తార్నాకలో మా భవనం మీద,
వాటర్ ట్యాంకు పక్కన ఒక గొట్టం ఉంది.
ఊరు పీల్చే గాలినే అదీ పీలుస్తుంది,
నిమిషానికి పదహారు లీటర్లు,
దగ్గకుండా.

ఐలయ్య రోజూ ఏడింటికి మెట్లెక్కి
పట్టకారుతో వడపోత కాగితం మారుస్తాడు.
పెట్టేటప్పుడు పాలమీగడ,
తీసేటప్పుడు పెనం అడుగు.
"మేడమ్, ఇగో నిన్నటి శుక్రారం" అని
మూత పెట్టిన డబ్బా చేతికిస్తాడు.
వారాలకు బరువుంటుందని
ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది నాకు.

నా పని వేరే. నేను చూసేది పుట్టుకలు.
వెంట్రుకను అడ్డంగా యాభై వేల పేలికలు చేస్తే
అందులో ఒక్క పేలికంత.
పటాన్‌చెరు వైపు నుంచి గంధకం ఆవిరి వస్తుంది,
మూసీ దగ్గర అమ్మోనియా కలుస్తుంది,
క్యాంపస్ నీలగిరి చెట్లు తమ వంతు ఏదో ఊదుతాయి.
ఎండ గట్టిపడి పదకొండు దాటాక
ఆవిరి ఆవిరిని పట్టుకుని
ఉన్నట్టుండి ఒక వస్తువవుతుంది.

తెర మీద అది నీలంలో పసుపుగా
వంగి లేస్తుంది. అరటిపండు ఆకారం.
మా రంగంలో తలనెరిసినవాళ్ళు కూడా
దాన్ని అరటిపండనే అంటారు.
ఐలయ్య మొదటిసారి విని నవ్వాడు:
"గిన్ని లక్షల మిషిన్ వెట్టి అరటిపండు జూస్తున్నరా మేడమ్,
మోండా మార్కెట్ల డజను అరవైకిస్తరు."

మూడేళ్ళ లెక్కల్లో తేలింది ఇదీ:
మురికి మందంగా ఉన్న రోజు దాదాపు ఏదీ పుట్టదు.
ముసలి మసి కణాలు గాలినిండా కాచుకుని
పుట్టబోయేవాటిని అప్పుడే మింగేస్తాయి.
వాన కడిగిన మర్నాడు,
మౌలాలి గుట్ట అంచు కత్తెరతో కోసినట్టు కనబడే రోజున,
చక్కెర పలుకంత చోటులో వేలకు వేలు.
పెరిగి కొన్ని మబ్బుకు విత్తనాలవుతాయి.
కొన్ని ఎవరి ఛాతీలోకో పోతాయి.
ఏది ఎటు పోతుందో నా సమీకరణంలో లేదు.

జులైలో ఒక పొద్దున
కాగితం డబ్బాతోపాటు ఐలయ్య మడతపెట్టిన గుడ్డ ఇచ్చాడు.
"మా బాలవ్వ మూతికి గట్టుకునేది.
నాలుగ్గొట్టంగ వోయి రామంతాపూర్ల రోడ్డూడుస్తది.
దీన్ని గూడ జర తూకమెయ్యిండ్రి."

పాత చున్నీ ముక్క, ఒకప్పుడు ఆకుపచ్చ.
మధ్యలో గుండ్రటి మరక,
మరకలో ఇంకా నల్లగా రెండు చుక్కలు.

ఎన్ని లీటర్ల గాలి దాటిందో తెలియకుండా
లెక్క కుదరదని చెప్పబోయాను.
నా మొహం చూసి తనే అన్నాడు:
"నిమిషానికెన్ని లీటర్లో నాకెర్కలే.
ఊడ్చేటప్పుడు ఎక్కువ,
నిలవడి దగ్గేటప్పుడు తక్కువ."

ఆదివారం, ఎవరూ లేనప్పుడు,
మరక మీద రూపాయి బిళ్ళంత కోశాను.
శుభ్రంగా ఉన్న అంచు నుంచి ఇంకోటి, పోల్చడానికి.
త్రాసు తలుపు మూసి ఊపిరి బిగబట్టాను.
అలవాటే అది, ఊపిరి తగిలితే అంకె చలిస్తుంది.

అంకె నిలిచింది.
పుస్తకంలో తేదీ రాశాను. స్థలం రాశాను.
నేల నుంచి ఎత్తు అని ఇంకో గడి ఉంటుంది.
మేడ మీది గొట్టానికి పదిహేడు మీటర్లు.
ఇక్కడ ఒకటిన్నర కన్నా తక్కువ.
వంగితే, ఒకటి.

ఆ పేజీ ఏ వ్యాసంలోకీ ఎక్కలేదు.
ఎంతొచ్చిందని అతనడగలేదు,
నేనూ చెప్పలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఇవాళ వాన వెలిసింది.
పదకొండుంబావుకు తెర మీద పసుపు మొలిచింది.
"పుట్టినయా?" అన్నాడు గుమ్మంలోంచి.
పుట్టాయన్నాను.
చిల్లులు పడ్డ గుడ్డ తిరిగిచ్చినందుకు
మొహమాటపడుతూ, బాలవ్వ ఏమందని అడిగాను.
"ఏమంటది? ఎర్రదారం ఉంటే మాటేసింది.
పొద్దుగాల కట్టుకొనే వోయింది."